డొంకతిరుగుడు కబురు

మా పెదనాన్న ఒకే రోజున రెండుసార్లు పోయారు. రెండోసారి పోవడం దైవ నిర్ణయం, అందులో నా చెయ్యి లేదు. మొదటిసారి మాత్రం ఆయన్ని చంపింది నేనే. కత్తి అక్కర్లేకపోయింది, విషమూ అక్కర్లేకపోయింది. ఒక గ్లాసు కాఫీ వద్దన్నాను, అంతే, పని అయిపోయింది. మీరు నవ్వుకోవాలనే ఇది రాస్తున్నాను కాబట్టి మొహమాటపడకండి. నవ్వు మధ్యలో ఎక్కడైనా గొంతుకి అడ్డం పడితే మాత్రం పూచీ నాది కాదు.

కథలోకి వెళ్ళేముందు ఒక మాట సంగతి చెప్పాలి. ఆ మాట డొంకతిరుగుడు. ఉన్నదున్నట్టు చెప్పకుండా, అలాగని అబద్ధమూ ఆడకుండా, వినేవాడు తనకి తోచిన అర్థం తీసుకుని తప్పుదారి పట్టేలా మాట్లాడడాన్ని అలా అంటారని మీకు తెలుసు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలియకపోవచ్చు. మా ఇంట్లో దానికి రెండు పుట్టుకలున్నాయి. ఒకటి పెదనాన్న చెప్పింది, రెండోది మేనత్త చెప్పింది.

పెదనాన్నకి బెజవాడ వన్‌టౌన్‌లో, ఇంటి ముందు గదిలోనే చేనేత చీరల కొట్టుండేది. సాయంత్రాలు నేను ఆ కొట్లో కూర్చుని, చీరలు మడతపెట్టే నెపంతో వాటిని నలిపేవాణ్ని. అప్పుడు చెప్పారాయన.

"డొంకంటే ఏమిట్రా? చేల మధ్య బండి పోయే దారి. చేలో పంటుంటే బండిని అడ్డంగా తోలుకుపోతామా? డొంక పట్టుకుని చుట్టూ తిరిగి పోతాం. ఎదుటివాడి పంట తొక్కకూడదని పుట్టిందిరా ఆ మాట. అది మోసం కాదు, మర్యాద."

ఆ మర్యాద ఆయన దగ్గర పుష్కలంగా ఉండేది. ధర తగ్గించమని అడిగిన ఏ ఇల్లాలికీ తగ్గిస్తాననీ అనలేదు, తగ్గించననీ అనలేదు. "చూద్దాంలేమ్మా" అనేవారు. ఆవిడ తగ్గించినట్టే లెక్కేసుకుని ఇంకో చీర తీయించేది. 'చూద్దాంలే' అన్న మాట మీద ఆ కొట్టు ముప్ఫై ఏళ్ళు నడిచింది.

మా మేనత్త మాణిక్యం ఆయనకి చెల్లెలు, మా నాన్నకి అక్క. పెడన అవతల ఒక పల్లెలో ఉంటుంది. మావయ్యది ఇంట్లోనే గుంట మగ్గం. మావయ్య గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే అత్తయ్య వసారాలో కండెలకి నూలు చుడుతూ ఉంటుంది. డొంకతిరుగుడు మీద ఆవిడ పరిశోధన వేరు.

"డొంకల్లో తిప్పేది దొంగలురా. దారి తెలియనివాణ్ని 'ఇటు రావయ్యా, దగ్గర దారి' అని తీసుకెళ్ళి, తిప్పి తిప్పి, వాడు అలిసి కూలబడ్డాక మూట లాక్కుంటారు. ఆ మాట అక్కడ పుట్టింది. కావాలంటే మీ పెదనాన్ననడుగు. ఆయనకి బాగా తెలుసు."

ఆవిడ పోగొట్టుకున్న మూట ఏమిటంటే, కూతురు సరళని పెదనాన్న కొడుక్కి ఇద్దామనుకుంది. అడిగింది. ఆయన తన అలవాటు ప్రకారం "చూద్దాంలే" అన్నారు. రెండేళ్ళు చూశారు. ఆ తర్వాత మా అన్నయ్యకి ఏలూరు పిల్లతో శుభలేఖ అచ్చయింది.

"లేదు పొమ్మని మొహాన చెబితే ఆ పూట ఏడ్చి ఊరుకునేదాన్ని. రెండేళ్ళు డొంకల్లో తిప్పాడు" అని అత్తయ్య పెళ్ళికి రాలేదు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. సరళకి బందరు సంబంధం కుదిరింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఒళ్ళు కూడా చేసింది. ఆమెకి ఎవరిమీదా కోపం లేదు. గొడవకి కారణమైన పిల్ల కాపురానికి వెళ్ళిపోయింది గానీ కోపం మాత్రం పుట్టింట్లోనే ఉండిపోయింది.

అప్పుడు నేను బి.ఏ. స్పెషల్ తెలుగు. ఈ రెండు పుట్టుకల్లో ఏది సరైనదని మా లెక్చరరుగారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అలాగనీ అనుకోవచ్చు, ఇలాగనీ అనుకోవచ్చు" అన్నారు. అర్థం అడిగితే ఉదాహరణ ఇచ్చిన గురువు ఆయనొక్కరే.

ఆ ఏడు కార్తీకం వెళ్ళేసరికి పెదనాన్న గుండె మొరాయించింది. ఇంటికొచ్చిన డాక్టరుగారు స్టెతస్కోపు మెళ్ళో వేసుకుంటూ "మన ప్రయత్నం మనం చేద్దాం" అన్నారు. ఆ డొంక ఎక్కడికి పోతుందో అందరికీ తెలిసింది. తెల్లవారుతుండగా పెదనాన్న మా నాన్నని దగ్గరికి పిలిచారు.

"ఒరేయ్, మాణిక్యాన్ని పిలిపించరా. దానికో మాట చెప్పాలి."

"ఏం మాటన్నయ్యా? నాకు చెప్పు, నేను చెప్తాగా."

"నీకెందుకురా? దానికి చెప్పాల్సింది దానికే. డొంకలూ పుంతలూ ఏం లేకుండా, తిన్నగా చెప్పాలి." కాస్త ఊపిరి తీసుకుని అన్నారు: "బతికుండగా ఒక్కసారన్నా."

"టెలిగ్రాం ఇద్దామా బాబాయ్?" అన్నాడు అన్నయ్య.

నాన్న వాడి మీద విరుచుకుపడ్డాడు. "సీరియస్, వెంటనే బయల్దేరమని టెలిగ్రాం వెళ్తే ఏమనుకుంటుందిరా అక్కయ్య?"

ఏమనుకుంటుందో మీకు నేను చెప్పాలా? మా జిల్లాలో బతికున్న మనిషి సీరియస్‌గా ఉన్నట్టు టెలిగ్రాం అందుకున్న వాళ్ళెవరూ నాకు తెలియదు. పోయినవాళ్ళే సీరియస్‌గా ఉంటారు. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే వీధిలో వంటలు ఆపేస్తారు.

"మనిషిని పంపుదాం. మనిషి వెళ్ళి నోటితో బతికున్నాడని చెబితే నమ్ముతుంది" అని నాన్న తేల్చాడు. అన్నయ్య మంచం దగ్గర ఉండాలి, నాన్న డాక్టరు చుట్టూ తిరగాలి. ఇంట్లో ఉండీ లేనట్టే లెక్క అయిన మగవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. పుట్టింది మొదలు ఒక్క మాటా నిలకడగా చెప్పి ఎరగని నన్ను, నమ్మించి తీసుకురమ్మని పంపించారు. పిల్లికి పాలకుండ అప్పగించినా ఇంత నష్టం జరగదు, పాలే పోతాయి.

గుమ్మం దిగుతుంటే నాన్న చెప్పాడు: "ఎక్కడా ఆగకు. అక్కడ కూర్చోకు, మంచినీళ్ళకి కూడా ఆగకు. అత్తయ్యని తీసుకుని తిరుగు బస్సుకే వచ్చెయ్యి."

వెనకనుంచి పెద్దమ్మ కళ్ళొత్తుకుంటూ చెప్పింది: "దానికసలే బీపీరా శేషూ. మీద పడ్డట్టు చెప్పకు. ఆ మాటా ఈ మాటా మాట్లాడి, నెమ్మదిగా చెప్పు."

రెండూ మంచి సలహాలే. విడివిడిగా పాటిస్తే ఇద్దరికీ పుణ్యం వచ్చేది. నేను పెద్దల మాట మీద గౌరవంతో రెండూ కలిపి పాటించాను.

మొదటి బస్సు పట్టుకుని, రోడ్డు మీద దిగి, వరిచేల గట్ల మీదుగా అడ్డదారిన నడిచి ఊళ్ళోకి చేరేసరికి ఎండ ఇంకా పసుపురంగులోనే ఉంది. లోపల మగ్గం టకటకలాడుతోంది. అత్తయ్య వసారాలో రాట్నం ముందు కూర్చునుంది.

"ఒరేయ్ శేషూ! నువ్వేంట్రా ఇంత పొద్దున్నే? రా, రా, కాళ్ళు కడుక్కో. కాఫీ కలుపుతా."

"వద్దత్తయ్యా."

"కాఫీ వద్దా? నువ్వా?"

ఆవిడ ఆశ్చర్యంలో న్యాయముంది. శత్రువు ఇంట్లో ఇచ్చినా కాఫీ కాదనని మనిషినని బంధువర్గంలో నాకు పేరు.

"టైం లేదత్తయ్యా."

"పోనీ మజ్జిగ తాగు."

"వద్దు."

"కాసిని మంచినీళ్ళన్నా..."

"ఏమీ వద్దత్తయ్యా. నేను లోపలికి రాను."

రాట్నం తిరగడం ఆగింది. నాన్న సలహా పూర్తయింది కదా అని నేను పెద్దమ్మ సలహాలోకి దిగాను.

"ఈ ఏడు పంట బాగుందత్తయ్యా."

"బాగుంది."

"మావయ్య నేస్తున్నాడా?"

"వినపడుతోందిగా."

"ఆవు ఈనిందా?"

"మాకు ఆవెక్కడిదిరా?" అత్తయ్య గొంతు మారింది. "ఏమైందో చెప్పు."

"ఏం కాలేదు. పెదనాన్న బాగానే... అంటే... ఉన్నారు."

"ఉన్నాడంటే?"

"ఉన్నారు. కంగారు పడాల్సిందేం లేదు. నువ్వొకసారి వచ్చి చూస్తే బాగుంటుందని అందరూ..."

నా వాక్యం నాతో పాటు గుమ్మం బయటే ఉండిపోయింది. అత్తయ్య చేతిలో కండె జారి, నూలు విప్పుకుంటూ వసారా చివరిదాకా దొర్లింది. "అన్నయ్యా!" అని ఆవిడ పెట్టిన కేకకి లోపల మగ్గం ఆగింది. పక్కింటి దడి మీదుగా సామ్రాజ్యం పిన్నిగారి తల లేచింది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చావు కబురు తెచ్చినవాడు గడప తొక్కడు. చెప్పులు విప్పడు. కూర్చోడు. ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టుకోడు. 'పోయాడు' అన్న మాట నోటితో అనడు, 'ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది' అంటాడు. ఇది చిన్నపిల్లలక్కూడా తెలుసు. స్పెషల్ తెలుగు విద్యార్థికి ఆ క్షణంలో గుర్తు రాలేదు. చావు కబురు చల్లగా చెప్పినట్టు అని సామెత. నేను బతుకు కబురుని అంతకన్నా చల్లగా చెప్పాను.

"లేదత్తయ్యా! బతికే ఉన్నారు!" అని అరిచాను.

దడి దాటి వచ్చిన సామ్రాజ్యం పిన్నిగారు అత్తయ్యని పొదివి పట్టుకుని నావైపు మెచ్చుకోలుగా చూసింది. "అట్టాగే అనాలి బాబూ. చిన్నవాడివైనా ఎంత పద్ధతిగా చెప్పావు!"

నన్ను ఎవరైనా పద్ధతి గలవాడనడం జీవితంలో అదే మొదలు.

"పద్ధతి కాదండీ, నిజంగా బతికున్నారు!"

"ఉంటారు నాయనా. ఎక్కడికి పోతారు? మన మనసుల్లో ఉంటారు."

"మనసుల్లో కాదు పిన్నిగారూ, మంచం మీద! తెల్లారగట్ల కూడా మాట్లాడారు!"

"విన్నావా వదినా? చివరిదాకా మాట్లాడుతూనే పోయారంట. పుణ్యాత్ముడు."

"ఒట్టు, అత్తయ్యా! నీ మీదొట్టు!"

"నా మీదెందుకురా ఒట్టు," అత్తయ్య తల బాదుకుంది, "నేనే పోయినా బాగుండేది."

మావయ్య గుంటలోంచి లేచి వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. నా భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "ఎప్పుడు తీస్తారు?" అన్నాడు.

"ఎవర్ని మావయ్యా?"

"మనం వెళ్ళేదాకా ఆపుతారుగా?"

"ఆగాలనేగా నేను మొత్తుకునేది! అందుకే వెంటనే బయల్దేరండి!"

"ఆపుతారంటే ఫర్వాలేదు" అని ఆయన స్థిమితపడ్డాడు. పాఠకులారా, ఇదీ నేను సాధించింది. ప్రాణం కోసం పరిగెత్తాల్సిన వాళ్ళకి, పరిగెత్తక్కర్లేదని నచ్చజెప్పాను. పోయినవాడికి తొందరేముంటుంది?

తొందర లేదు కాబట్టి పద్ధతులు మొదలయ్యాయి. పోయిన అన్న మీద చెల్లెలు కొత్తబట్ట కప్పాలి. కొని తెచ్చుకోవచ్చు. కానీ అత్తయ్య తల అడ్డంగా ఊపింది.

"నేతగాడింట్లో ఉండి అన్నయ్యకి కొన్న గుడ్డ కప్పుతానా? మగ్గం మీద పంచె ఉందిగా."

"ఇంకా కాస్త మిగిలింది" అన్నాడు మావయ్య.

"నెయ్యి."

మావయ్య మళ్ళీ గుంటలోకి దిగాడు. నూలు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తడం మొదలెట్టింది. ఆ ఇంట్లో తొందరపడుతున్నవి రెండే, ఆ నాడే, నేనూ.

"మావయ్యా, పంచె తర్వాత నేద్దువుగానీ, బస్సు పోతుంది!"

"తర్వాతెప్పుడ్రా?" అన్నాడు జాలిగా.

అత్తయ్య మగ్గం పక్కనే చతికిలబడి కండెలు అందిస్తోంది. కన్నీళ్ళు తుడుచుకున్న వేళ్ళతోనే నూలు పట్టుకుంటోంది. మావయ్య చూసి కూడా నేస్తూనే ఉన్నాడు. తడి నూలు తడిగానే పంచెలోకి వెళ్ళిపోయింది.

"వరదొచ్చిన ఏడు నన్ను భుజాన ఎక్కించుకుని కాలవ దాటించాడురా శేషూ. నా పరికిణీ తడవకూడదని తను మెడదాకా దిగాడు. అట్టాంటి అన్నయ్యతో..." ఆవిడ ఆగింది. "మొన్న వినాయక చవితికి మీ మావయ్య, వెళ్ళి పలకరించి వద్దామే అన్నాడు. నేనేమన్నానో తెలుసా? చూద్దాంలే అన్నా."

"బతికే ఉన్నారత్తయ్యా" అన్నాను మళ్ళీ. ఆవిడ నా తల నిమిరింది. పిల్లవాడు పాపం తట్టుకోలేకపోతున్నాడని ఆ నిమరడంలో ఉంది.

పంచె దింపి మడత పెట్టారు. సరళకి చెప్పడానికి మావయ్య బందరు దారి పట్టాడు. అంటే నా నిర్వాకం ఇంకో ఊరికి కూడా బయల్దేరింది. అత్తయ్యని బండెక్కించాను. బండి తోలే ఏసోబు పరామర్శగా తలగుడ్డ తీసి భుజానేసుకున్నాడు.

నేను పొద్దున గట్ల మీద అడ్డంగా నడిచొచ్చిన దారే ఇది. బండికి గట్లు పనికిరావు. పండిన వరి రెండు పక్కలా తలలు వాల్చుకుని నిలబడుంది, బండి దాని చుట్టూ డొంక వెంట నత్తలా తిరుగుతోంది. దూరంగా రోడ్డు మీద మేమెక్కాల్సిన బస్సు పోతూ కనిపించింది.

"ఏసోబూ, ఈ చేలో నుంచి అడ్డంగా పోనీవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

"కోతకొచ్చిన పంటండీ అబ్బాయిగారూ, తొక్కితే పాపమండీ. అయినా పోయినాయనకి తొందరేముంటదండీ."

"పోలేదయ్యా బాబూ!"

"అట్టాగేనండీ" అన్నాడు ఏసోబు, ఎంతో మర్యాదగా.

తర్వాతి బస్సు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. అత్తయ్య ఏడుపు చూసి ముందు సీట్లో వాళ్ళు లేచి చోటిచ్చారు. ఎవరో ఆవిడకి విసనకర్ర ఇచ్చారు. ఒకాయన "ఎప్పుడు జరిగింది?" అని నన్నడిగాడు. "జరగలేదండీ" అన్నాను. ఆయన నాలిక చప్పరించి నాకు కూడా చోటిచ్చాడు.

గుడివాడలో బస్సు ఆగింది. స్టాండు బయట బండి మీద పుణుకులు వేయిస్తున్నారు. ముందురోజు రాత్రి నుంచి నా కడుపులో ఏమీ పడలేదు. ఆకలికి బంధుత్వాలు తెలియవు. దిగి, ఆకులో పెట్టించుకుని, అల్లప్పచ్చడి అద్దుకుని, వేడికి నోరు కాలుతున్నా ఊదుకుంటూ తింటున్నాను. తలెత్తితే బస్సు కిటికీలోంచి అత్తయ్య చూస్తోంది. ఏడుపు ఆగింది.

"ఏరా."

నా బుగ్గలో పుణుకు అలాగే ఉండిపోయింది.

"తింటున్నావా?"

"ఆకలేసిందత్తయ్యా."

"చావు కబురు మోసినవాడికి శవం లేవకుండా ముద్ద దిగుతుందిరా?"

"చావు కబురైతేగా!" పుణుకుతో సహా మొత్తుకున్నాను. "పొద్దుట్నుంచీ చెప్తున్నాగా, బతికున్నారనీ!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆకు వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"మరి పొద్దున కాఫీ ఎందుకు వద్దన్నావు?"

"బస్సు పోతుందని!"

"లోపలికెందుకు రాలేదు?"

"నాన్న ఆగొద్దన్నాడు!"

"ఆవు సంగతెందుకడిగావు?"

"పెద్దమ్మ నెమ్మదిగా చెప్పమంది!"

అత్తయ్య సీట్లోంచి సగం లేచింది. "ఓరి నీ మొహం మండా! ఆ కాఫీ ఏదో తాగి ఏడిస్తే నమ్మేదాన్ని కదరా! అప్పుడే కట్టుబట్టల్తో బయల్దేరేదాన్ని కదరా!" అని, కిటికీలోంచి చెయ్యి చాపి నా నెత్తిన ఒక్కటి మొట్టి, అదే చేత్తో ఆకులోంచి ఒక పుణుకు తీసి నోట్లో వేసుకుంది. నములుతూ నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. విసనకర్ర ఇచ్చినావిడ బెదిరిపోయి తన విసనకర్ర తను తీసేసుకుంది.

నా ఒట్లకీ ఏడుపులకీ లొంగని నిజం ఒక్క పుణుకుకి లొంగింది.

అత్తయ్య బస్సు దిగి బత్తాయిలు కొంది. ఒక్కొక్కటీ చేత్తో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏరి ఏరి కొంది. "రసం తీసి ఇస్తా. చిన్నప్పుడు కూడా జ్వరమొస్తే నా చేత్తో ఇస్తేనే తాగేవాడు." బస్సు కదిలాక ఒళ్ళో పంచె సర్దుకుంటూ, "ఇది మంచం మీద ఉండగానే పెడతా. బతికున్నవాడికి పెడితే పుణ్యం కూడానూ" అంది.

బెజవాడ దాకా ఆవిడ నోరు ఆగలేదు. "ముందు తిడతా. కడుపారా తిడతా. ఆ తర్వాత ఆ మాటేదో చెప్పమంటా."

"ఏం చెప్తారనుకుంటున్నావత్తయ్యా?"

"ఏముంటుంది? తప్పయిపోయిందే అంటాడు." కాసేపు కిటికీలోంచి చేలు చూసింది. "అనకపోయినా ఫర్వాలేదురా. మళ్ళీ చూద్దాంలే అన్నా ఫర్వాలేదు. ఆయన నోటితో అంటే చాలు."

బస్టాండు నుంచి రిక్షా. వన్‌టౌన్ సందులో కొట్టు తలుపులు ఓరగా మూసున్నాయి. అరుగు మీద నలుగురు కూర్చున్నారు. బయట చాలా జతల చెప్పులున్నాయి. నాన్న ఎదురొచ్చి, అత్తయ్య చేతిలో బట్టల సంచి అందుకున్నాడు.

"రా అక్కయ్యా. కాస్త... సీరియస్‌గా ఉంది. పెద్ద డాక్టరుగారికి కబురు చేశాం."

అత్తయ్య నవ్వింది. నిజంగా, పళ్ళు కనిపించేలా నవ్వింది. "ఊరుకోరా! నాకు అన్నీ తెలుసు. వీడు గుడివాడలో పుణుకులు తిన్నాడు."

నాన్న నావైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలిసింది గానీ అత్తయ్య అప్పటికే గడప దాటింది. మా పెద్దమ్మ ఇంట్లో ఒక అలవాటుంది. ఎవరు గడప దాటినా, చెప్పులు విప్పేలోపల "కాఫీ తాగుతావా?" అని వంటింట్లోంచి కేక వస్తుంది. ఆ రోజు రాలేదు. అత్తయ్య మూడడుగులు వేసి, ఆ కేక కోసం ఆగింది. అది రాలేదు. వెనక్కి తిరిగి బత్తాయిల సంచి నా చేతికిచ్చింది.

"ఎంతసేపైంది?" అంది నాన్నతో.

నాన్న ఈసారి డొంక పట్టలేదు. "మధ్యాహ్నం, అక్కయ్యా."

నేను మనసులో బస్సుని వెనక్కి నడిపించాను. గుడివాడ దగ్గర ఆగింది, ఆవిడ బత్తాయిలు ముక్కు దగ్గర పెట్టుకుని నవ్విన చోట. బతికున్న మనిషి కోసం గుడివాడ దాకా ఏడుస్తూ వచ్చింది. పోయిన మనిషి దగ్గరికి గుడివాడ నుంచి నవ్వుతూ వచ్చింది. రెండూ నా చలవే.

పెద్దమ్మ ఆవిణ్ని పట్టుకుని భోరుమంది. "నువ్వొచ్చావా, వచ్చావా అని గుమ్మం వైపే చూశారు మాణిక్యం. నాకన్నా చెప్పండి, నేను చెప్తానన్నా. వద్దు, అది రానీ అన్నారు. నాకు తెలుసు ఆయనేం చెప్పాలనుకున్నారో. ఆయన..."

"వద్దొదినా" అంది అత్తయ్య. "ఆయన తిన్నగా చెప్పాలనుకున్నది నువ్వు చెబితే మళ్ళీ డొంకే అవుతుంది. ఉండనీ."

పంచె విప్పి ఆయన మీద కప్పింది. అంచు సరిచేసింది. ఏడవలేదు. అరుగు మీదివాళ్ళు చెవులు కొరుక్కున్నారు: "చూశావా, పోయాక కూడా కోపం పోలేదు. కంట తడి లేదు." తడి ఎక్కడుందో నాకు తెలుసు. నేసేటప్పుడే పంచెలో కలిసిపోయింది. కానీ ఆ మాట చెప్పడానికి లేచేసరికి, నేను ఏది చెబితే ఏది అర్థమవుతుందోనని భయమేసి మళ్ళీ కూర్చున్నాను.

పెద్దకర్మ అయ్యాక, మావయ్య ముందే ఊరెళ్ళిపోవడంతో, అత్తయ్యని ఇంటి దగ్గర దింపే పని కూడా నాకే పడింది. ఈసారి కబురేం లేదు కాబట్టి ఎవరూ సలహా ఇవ్వలేదు. రోడ్డు మీద దిగేసరికి ఏసోబు బండితో ఉన్నాడు. నన్ను చూసి తల దించుకుని, "మీరు చెప్పింది నిజమేనంటగదండీ" అన్నాడు. "అప్పుడు నిజమే" అన్నాను.

కోతలైపోయాయి. చేలన్నీ మోళ్ళు తేలి ఖాళీగా ఉన్నాయి. ఏసోబు డొంక వైపు తిప్పకుండా చేలో అడ్డంగా తోలాడు. చిటికెలో ఊరు దగ్గరికొచ్చేసింది. అత్తయ్య ఆ మోళ్ళ వైపు చాలాసేపు చూసింది.

"మీ పెదనాన్న చెప్పిందే సరైందిరా" అంది.

"ఏంటత్తయ్యా?"

"డొంక సంగతి. పంట ఉన్నన్నాళ్ళే దాని చుట్టూ తిరగడం." కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఇప్పుడెట్టా పోయినా ఒకటే."

వాళ్ళిద్దరి వాదం అలా తీరింది. గెలిచినాయన వినడానికి లేరు. ఉంటే ఒప్పుకునేవారు కాదు, చూద్దాంలే అనేవారు.

ఇంటికి చేరాక నేను చెప్పులు విప్పకముందే అత్తయ్య లోపల్నుంచి కాఫీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ముందిది తాగు. తర్వాతే మాట్లాడు."

తాగాను. అందులో పంచదార మరిచిపోయింది. ఆ సంగతి నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

కాబట్టి కృష్ణమ్మ సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఇకమీదట ఎవరింటికి ఏ కబురు మోసుకెళ్ళినా, బస్సు పోనీ, రైలు పోనీ, ముందు చెప్పులు విప్పుతాను. గడప దాటి లోపలికెళ్ళి కూర్చుంటాను. ఇచ్చిన కాఫీ చివరి చుక్కదాకా తాగుతాను. ఆ తర్వాత బతికున్నవాళ్ళని బతికున్నారనీ, పోయినవాళ్ళని పోయారనీ, మధ్యలో ఆవుల ప్రసక్తి లేకుండా, తిన్నగా చెబుతాను.

ఇప్పుడు పెదనాన్న కొట్లో సాయంత్రాలు నాన్న కూర్చుంటున్నాడు. ఈ ప్రతిజ్ఞ రాసి ఆయనకి చదివి వినిపించాను. చీర మడత పెడుతూ అంతా విన్నాడు. విని, తలెత్తకుండా అన్నాడు:

"చూద్దాంలే."